తప్పులు పట్టేవాడి చేతికి కలం

నాగవేణి నా కూతురి కూతురు. మదనపల్లె టమోటా మార్కెట్ దగ్గర ఒక మిద్దెగదిలో కూర్చుని కంప్యూటర్ పని చేస్తుంది. పాతికేళ్ళకే నడుం నొప్పి తెచ్చుకుంది. వండిపెట్టడానికి నేను పుంగనూరు నుంచి వచ్చి ఉంటున్నాను.

ఆమె కింద నలుగురు పనిచేస్తారట. ఒక్కరూ మనిషి కాదు.

"ఏజెంట్లంటారు అవ్వా, కంప్యూటర్ లోపలే ఉండే పనోళ్ళు. ఒకటి ఎట్ల చేయాలో ఆలోచిస్తాది, ఒకటి రాస్తాది, ఒకటి నడిపి సూస్తాది, ఇంగొకటి తప్పులు పడతాది."

"కూలి అడగరు, కూడు అడగరు. మంచోళ్ళే దొరికినారు నీకి," అన్నాను.

అప్పుడు ఆమె చేస్తున్నది గొర్రెలవాళ్ళ కోసం. ఫోన్‌లో గొర్రె బరువు చెబితే కడుపులో పురుగులు పోయే నట్టల మందు ఎంత తాపాలో అది చెబుతుంది. శుక్రవారానికల్లా కుప్పం వైపు వాళ్ళకు అందాలి.

ఏ పని ఎవరిదో, ఎవరెట్లా మాట్లాడాలో ఒక్కోదానికి రాసివ్వాలట. తప్పులు పట్టేదాని వంతు వచ్చేసరికి, "తాత ఎట్ల తిట్టేవాడో చెప్పవ్వా," అంది. మా ఆయన బీరప్ప పోయి ఎనిమిదేళ్ళు. నవ్వుతూనే చెప్పాను. మర్నాడు తెర మీది మాటలు పైకి చదివింది: "కండ్లు యాడ పెట్టుకోని సేసినావు? మళ్ళా సూడు."

చిక్కుడుకాయలు వొలిచే నా చేతులు ఆగిపోయాయి. ఆ రోజు నుంచి ఆ గదిలోకి కొంగు సర్దుకునే వెళ్ళాను.

అది రోజుకు పదిసార్లు పనిని వెనక్కి కొట్టేది. రాసేది దిద్దడం, ఇది మళ్ళీ తప్పు పట్టడం. గడువు దగ్గరపడి నాగవేణి విసిగిపోయింది. కనబడిన తప్పు నువ్వే దిద్దుకో అని రాత పని కూడా దానికే ఇచ్చేసింది. గురువారం మధ్యాహ్నం సంతోషంగా చదివి వినిపించింది: "అన్నీ సరిగ్గా ఉండాయి." ఆ నిమిషమే కుప్పానికి పంపేసింది.

నేను చెప్పిన తిట్లలో ఆ మాట లేదు. బీరప్ప బతుకులో ఒక్కసారే అన్నాడు ఆ మాట.

మా ఇంట్లో గొర్రెల్ని మేపిన మనిషి దొడ్డి దగ్గర వాటిని ఎంచడు, ఆ లెక్క ఇంకొకరిది. ఆయన మేపితే నేను ఎంచేదాన్ని. ఒకసారి నేను జ్వరంతో పడుకుంటే ఆయనే మేపి ఆయనే ఎంచాడు. అన్నీ సరిగ్గా ఉండాయన్నాడు. గుట్ట వైపు నుంచి గొర్రెపిల్లల అరుపు నాకు వినబడుతూనే ఉంది. జ్వరంలో చెవులు అట్లా మోగుతున్నాయనుకుని దుప్పటి కప్పుకున్నాను. పొద్దున వంకలో ఐదు పిల్లల తోళ్ళు దొరికాయి. ఆయన అబద్ధం చెప్పలేదు. పగలంతా వెంట ఉన్నాయనుకున్నవాటినే దొడ్డిలోనూ చూశాడు.

"రాసినోడినే ఎంచమంటే ఎట్లమ్మే? వేరేదాన్ని పెట్టు. ఎవురు రాసినారో దానికి చెప్పొద్దు," అన్నాను.

"నీకేం తెలుస్తాది అవ్వా," అంటూనే కొత్తదాన్ని పెట్టింది. పావుగంటకు అది ఒక తప్పు పట్టింది. బరువు చెప్పకుండా ఖాళీగా వదిలేస్తే, పాలు తాగే పిల్లకు కూడా పెద్ద గొర్రె మందే చూపిస్తోందట.

కుప్పం దగ్గర వెంకటరమణ అనే అతను అందరికంటే ముందు దాన్ని వాడి చూస్తున్నాడు. అతనికి ఫోన్ చేసింది.

"అన్నా, పిల్లలకి మందు తాపినావా?"

"తాపతానే ఉండామ్మా. మూడిట్కి అయింది. త్రాసు లేదు, బరువు ఏమీ కొట్టలే."

"ఆపేయన్నా. ఇంగ తాపొద్దు."

ఆ మూడింటిలో రెండు తేరుకున్నాయి.

శనివారం బస్సెక్కి ఇద్దరం వెళ్ళాం. వెంకటరమణ మంచం వాల్చి మజ్జిగ ఇచ్చాడు. తిడతాడని గుండె రాయి చేసుకుని వెళ్ళినవాళ్ళం, గ్లాసులు పక్కన పెట్టేశాం.

"దాంట్లో నలుగురు పని చేస్తారని చెప్తిరి కదమ్మా," అన్నాడు. "తప్పు ఎవురిది?"

నాగవేణి తప్పు తోసేయాలంటే నలుగురున్నారు. అందులో ఒకడిది నా మొగుడి నోరు. నేను నేల చూస్తూ కూర్చున్నాను.

"నాదేనన్నా," అంది.

అతను లేచి చెంబు తీసుకున్నాడు.

"సచ్చిపోయినదాని తల్లికి పొదుగు రాయి మాదిరి అయిపోయినాది. పిండాల. అది నిలబడదు. వచ్చి పట్టుకో."

నాగవేణి చెప్పులు విడిచి దొడ్డిలోకి దిగింది.