అమ్మ వేసిన నొప్పి సూది

ఒక మనిషి నొప్పిని ఒక్క పూటకు తీసేసి, ఆ నొప్పి పుట్టిన పనికే మళ్లీ పంపడం వైద్యమేనా? ఈ ప్రశ్న నన్ను ఏళ్లుగా వేధిస్తోంది. జవాబు చెప్పాల్సిన మనిషి, మా అమ్మ, గత నెలలో చనిపోయింది.

కబురు వచ్చేసరికి నేను శ్రీకాకుళంలో డయాలసిస్ వార్డులో పేషెంట్లను చూస్తున్నాను. "డాక్టరమ్మగారు కుర్సీలోనే ఒరిగిపోనారు పాపగారూ" అన్నాడు అమ్మ కాంపౌండర్ ఫోన్లో. ఎదుటి మంచం మీద, నౌపడ ఉప్పుమడుల్లో ఒళ్లు అరగదీసుకున్న పెద్దాయన నా ముఖం చూసి ఏమైందని అడిగాడు. చెప్పాను.

"మాయమ్మ ఎలిపోనాదా! ఎన్ని సూదులేసినాది నాకు! ఒక్క రోజైనా పని పోనిచ్చినాదా!"

ఒక చేతికి మిషను గొట్టాలు, రెండో చేత్తో కళ్లు తుడుచుకుంటున్నాడు. నాకు ఏడుపు రాలేదు. ఒళ్లు మండింది. ఆ సూదుల గురించే కదా నేను అమ్మతో ఇన్నాళ్లూ పోట్లాడింది!

అమ్మ కోటబొమ్మాళిలో అన్ని జబ్బులకూ డాక్టరు. నేను కిడ్నీల డాక్టర్ని. పేషెంటు ఛాతీ మీద పెట్టే ముందు స్టెతస్కోపు బిళ్లను అరచేతిలో రుద్ది వెచ్చబెట్టడం ఆమె దగ్గరే నేర్చుకున్నాను. "సల్లగా తగిలితే గుండె కూడా అబద్ధమాడతాదే" అనేది. ఇప్పటికీ అలాగే చేస్తాను. ఆమె చేతిలో అంత మెత్తదనం ఉండేది. అదే చేత్తో, ఎండలో ఒంట్లో నీరంతా ఇంకిపోయి వచ్చిన మనుషులకు నొప్పి సూదులు వేసేది. అలాంటి ఒంటికి ఆ మందు కిడ్నీలను దెబ్బతీస్తుందని ఆమెకు తెలియదా? నాకంటే ముందు తెలుసు.

పెద్ద చదువు పూర్తిచేసి వచ్చిన కొత్తలో ఓ మధ్యాహ్నం ఆమె పక్కన కూర్చున్నాను. ఉప్పుమడిలో పనిచేసే ఒకామె నడుం పట్టుకుని వచ్చి సూది అడిగింది. అమ్మ సిరంజి అందుకునేలోపు నేనే అడ్డుపడ్డాను. ముందు రక్తపరీక్ష చేయించుకోమని, కొన్నాళ్లు రెస్టు తీసుకోమని చెప్పాను.

ఆమె అమ్మ వైపు తిరిగింది. "రెస్టా? అది మీ మందుల కొట్లో ఉన్నాదేటి డాక్టరమ్మా? ఉంటే నాకో నాలుగు కట్టించండి, మా ఆయనక్కూడా ఏస్తాను."

అమ్మ పకపకా నవ్వి సూది వేసేసింది. ఆమె వెళ్లాక నేను అరిచాను.

"ఒసే, నీ కాడికి కిడ్నీలొస్తాయి. నా కాడికి మనుసులొస్తారు" అంది.

ఆ మాటంటే నాకు ఇప్పటికీ మంట. వినడానికి బాగుంటుంది. బాగున్న మాటకు పాడైన కిడ్నీ బాగవుతుందా? మడుల యజమానులు నీడకు ఒక పాక వేయలేదు, తాగడానికి ఒక కుండ నీళ్లు పెట్టలేదు. వాళ్ల మీద పడాల్సిన కోపాన్ని పక్కనబెట్టి, నడుములు మరమ్మతు చేసి మర్నాటికల్లా వాళ్లకే అప్పజెప్పింది మా అమ్మ.

అమ్మతో అలా అన్నాను కూడా. "ఈ సీమలో సూదెరగనోళ్లకీ కిడ్నీలు పోతన్నాయి కదే, వాళ్ల నూతుల్లో నీళ్లు కూడా నేనే పోసేనేటి?" అంది. అదీ నిజమే. నీళ్లో, ఎండో, మందులో, ఇక్కడి ఈ జబ్బుకు మూలం ఇదీ అని నేనూ చెప్పలేను. అందుకే ఆ పెద్దాయన కిడ్నీలను అమ్మే పాడుచేసిందనలేను. చెయ్యలేదనీ అనలేను.

ఆ గొడవ తర్వాత అమ్మ సూది వేసే ముందు ప్రతి ఒక్కరిచేతా చెంబుడు నీళ్లు తాగించేదట. కాంపౌండర్ చెబితే తెలిసింది. నాతో ఒక్క ముక్క అనలేదు. తప్పు ఒప్పుకున్నట్టా, నా నోరు మూయించడానికా? అడుగుదామనుకుంటూనే ఉండిపోయాను.

సంతాప సభలో ఒకాయన ఆమెను దేవత అన్నాడు. లేచి వచ్చేద్దామనిపించింది. దేవతైతే దండం పెట్టి ఊరుకోవాలి. నేను ఆమెతో ఇంకా పోట్లాడాలి.

కర్మలు ముగిశాక క్లినిక్ తలుపు తీశాను. చేపల గంప దించుకుని ఒకామె లోపలికొచ్చింది. "పాపా, నడుం ఇరిగిపోతన్నాది. అమ్మలాగ ఒక సూదెయ్యి. సేపలు పాడైపోతాయి."

బీపీ చూశాను, రక్తపరీక్ష రాశాను, కిడ్నీల జోలికిపోని మాత్రలిచ్చాను. ఆమె వాటిని అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఇవి జొరం మాత్రలు కావేటి! మీయమ్మైతే ఈపాటికి నన్ను ఆటో ఎక్కించేసేది." వెళ్లబోతూ జాలిపడింది. "పోన్లే, కొత్త కదా, నేర్సుకుంటావు."

గంప ఎత్తుకోవడానికి వంగి, పళ్లు బిగించి, సగంలో ఆగిపోయింది. నేను రెండో పక్క పట్టుకుని తలకెత్తాను. ఒక చెయ్యి గంప మీద, ఒక చెయ్యి నడుం మీద పెట్టుకుని, ఎండలో సంత వైపు నడిచిపోయింది.

అమ్మ చేసింది తప్పో కాదో నేనింకా తేల్చుకోలేదు. ఆ రోజు చేపలామెకు సూది వేయకుండా పంపి నేను చేసిందీ సరైనదో కాదో తెలియడం లేదు.