వేలికి తెలియని కాగితం

జామ్ మామ ఎవరి వ్యవహారంలోనూ వేలు పెట్టే మనిషి కాదు. పక్కింట్లో గిన్నెలు ఎగురుతున్నా తన తలుపు దగ్గరగా వేసుకుని కూర్చునే రకం. మెషిన్ దగ్గర మాత్రం ముందు వేలే పెట్టేవాడు. స్క్రూడ్రైవర్ సంగతి ఆ తర్వాత.

లైబ్రరీ కింది అంతస్తులో జిరాక్సు గది నాది. ఒక పాత మెషిన్, ఒక స్టూలు, కాగితాల బీరువా, గోడకి ఎత్తుగా ఒక కిటికీ. నేను చేరకముందు నుంచీ ఆ మెషిన్‌కి వైద్యం ఆయనదే. లోపల కాగితం ఇరుక్కుంటే తెర మీద ‘జామ్’ అని పడుతుంది కాబట్టి, దాన్ని తీసే ఆయన జామ్ మామ అయ్యాడు. అసలు పేరు ఎవరికీ అవసరపడలేదు. ఒకసారి బస్సులో ఎవరో “జామ్ మామా!” అని కేకేస్తే పక్క సీటాయన కిలో ఎంతని అడిగాడట. ఆ సంగతి తనే చెప్పి తనే నవ్వేవాడు.

కాపీ తియ్యడం పెద్ద విద్య కాదనీ, కట్టలోంచి ఒక్కటంటే ఒక్క కాగితాన్ని లాగడమే విద్య అనీ ఆయన సిద్ధాంతం. ట్రే మూత తీసి నాకు చూపించేవాడు. పైన చిన్న రబ్బరు రోలర్ ఉంటుంది. అది తిరుగుతూ పై కాగితాన్ని లోపలికి లాగుతుంది. కింద బిళ్లలాంటి రబ్బరు ముక్క ఒకటి, వెంటబడి వచ్చే రెండో కాగితాన్ని ఆపుతుంది. రోలర్ అరిగితే అసలు కాగితమే కదలదు. బిళ్ల అరిగితే రెండు మూడు కలిసి వచ్చి ఇరుక్కుంటాయి. ఏది అరిగిందో ఆయన బొటనవేలితో చెప్పేవాడు. రబ్బరు మీద వేలిని ఒక్కసారి నడిపి, కళ్లు మూసుకుని, “దీనికింకా ప్రాణం ఉందమ్మా” అనో, “ఇది అయిపోయింది” అనో తేల్చేసేవాడు.

ఆయన భార్య బట్టలు కుడుతుంది. నేను అత్తా అంటాను. ఇంట్లో ఇద్దరే. ముందు గదిలో ఒక మూల ఆవిడ కుట్టుమిషన్, ఇంకో మూల ఈయన విప్పి పడేసిన పాత మెషిన్లు. మధ్యలో నడవడానికి ఒక మనిషికి దారి. ఈయన స్క్రూలు ఆవిడ గుడ్డల్లోకీ, ఆవిడ సూదులు ఈయన మెషిన్లలోకీ వెళ్లిపోతున్నాయని రోజూ గొడవే. ఆ గొడవ లేని రోజున ఇద్దరిలో ఎవరికో ఒంట్లో బాగాలేదని అర్థం.

కొన్నేళ్లుగా మామకి షుగరు. మొదట కాళ్లు తిమ్మిరెక్కేవి. తర్వాత చేతివేళ్ల కొసలు మొద్దుబారాయి. ఎప్పుడూ చేతికి తొడుగు వేసుకున్నట్టే ఉండేదట. డాక్టరు రెండు మాటలు చెప్పాడు. షుగరు అదుపులో ఉంటే ఇది ఇంకా ముదరకుండా ఆగుతుంది, పోయిన స్పర్శ మాత్రం తిరిగి రాకపోవచ్చు. మామ ఇంటికొచ్చి మొదటి మాట చెప్పి, రెండోది మింగేశాడు.

నాకు తెలిసింది మాత్రం మా మెషిన్ వల్ల. కాగితాలు రెండేసి వస్తుంటే వచ్చి బిళ్ల మార్చి వెళ్లాడు. మర్నాడూ రెండేసే. మళ్లీ వచ్చి, కాగితం నాణ్యత బాగాలేదన్నాడు. కాగితం మార్చాను. అప్పటికీ రెండేసే. మూడోసారి ఆయన మూత వెయ్యబోతుంటే లోపలికి తొంగి చూశాను. కొత్త బిళ్ల ఒక పక్క గాడిలో కూర్చోకుండా లేచి ఉంది. నేను వేలితో నొక్కితే ‘టిక్’మని దిగింది. కంటికి ఆనని చోటే, కానీ వేలు పెడితే ఎవరికైనా తెలిసిపోతుంది. మామ నా వంక చూడలేదు. తన బొటనవేలిని చూసుకుంటూ ఉండిపోయాడు. ఆ తర్వాత ఫోన్ చేస్తే ఎత్తడం మానేశాడు.

ఇంట్లో ఈ మధ్య పనులు తగ్గాయని చెప్పాడట. అత్త నమ్మింది. ఒక రోజు ఆయన పాత మెషిన్ ఒకదాన్ని కాసేపు నడిపి, వెంటనే వెనక తలుపు తీసి చెయ్యి పెట్టాడు. అక్కడ రంగుపొడిని కాగితానికి అతికించే వేడి రోలర్ ఉంటుంది. అత్త కుట్టుకుంటూ, ఏదో కాలిన వాసన వస్తోందని తలెత్తి చూసింది. ఈయన వేళ్లు ఆ రోలర్ మీదే ఉన్నాయి. ఆవిడ పరుగెత్తుకెళ్లి చెయ్యి లాగేదాకా ఆయనకి తెలియలేదు.

“చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటారు కదమ్మా,” అని ఆవిడ తర్వాత నాతో అంది. “ఈయనకి చేతులు కాలిన సంగతే తెలియలేదు.”

మందు రాసి గుడ్డ కడుతూ, ఎన్నాళ్ల నుంచి ఇలా అని అడిగింది. ఆయన చెప్పక తప్పలేదు. 

“చెప్తే మాత్రం నువ్వేం చేస్తావు?” అన్నాడు చివరికి.

“ఏం చేస్తానో తర్వాత సంగతి. ముందు చెప్పాలి కదా.”

ఇద్దరూ అలా కూర్చుని ఉండగా ఫోన్ మోగింది. చేసింది నేనే. మా గదిలో కాగితం అసలు కదలడం మానేసింది, పైన చదువుకునేవాళ్లు మెట్ల మీద వరసకట్టి ఉన్నారు. మామ ఎత్తలేదు. అత్త ఎత్తి, “వస్తున్నాం” అని పెట్టేసింది. వస్తున్నాం ఏమిటి, ఎవరెవరు వస్తున్నారు అని మామ దారంతా గొణుగుతూనే వచ్చాడట.

ఆ రోజు ఆయన మా గది గుమ్మంలో పరాయి ఇంటికొచ్చినవాడిలా నిలబడ్డాడు. కట్టు కట్టిన చెయ్యి జేబులో ఉంది. అత్త కొంగు దోపుకుని మెషిన్ ముందు కూర్చుంది. ఎక్కడ తియ్యాలో ఈయన చెప్తున్నాడు, ఆవిడ తీస్తోంది. రోలర్ బయటికి వచ్చింది.

“వేలు నడిపి చూడు. ఎలా ఉంది?”

“నున్నగా ఉంది. లైనింగు గుడ్డలా.”

ఆయన తడిగుడ్డతో తుడవమన్నాడు. కాగితాల నుంచి రాలే పొడి పట్టినా నున్నగానే తగులుతుందట. తుడిచి మళ్లీ చూసింది.

“ఇప్పుడు కొంచెం పట్టుకుంటోంది. ఒకసారి ఉతికిన పాప్లినులా.”

“పాప్లిను గొడవ నాకెందుకు? పని చేస్తుందా లేదా చెప్పు.”

“ఎలా ఉందని అడిగారు, చెప్పాను. పని చేస్తుందో లేదో చెప్పాల్సింది మీరు.”

నేను నవ్వాపుకోలేక కాగితాల బీరువా సర్దుతున్నట్టు అటు తిరిగాను. ఆ రోలర్‌నే మళ్లీ పెట్టారు. మధ్యాహ్నానికల్లా మొరాయించింది. మళ్లీ వచ్చి కొత్తది వేశారు. అత్త అంతటితో వదల్లేదు. ఇంట్లో ఉన్న రోలర్లన్నీ, కొత్తవీ పాతవీ, ఒళ్లో పోసుకుని ఒక్కొక్కదాన్ని తడిమి చూసేదట. దేన్ని ఏ మెషిన్‌లోంచి ఎందుకు తీశాడో ఆయన చెప్పేవాడు. కొన్నాళ్లకి ఆవిడ గుడ్డల భాషలో చెప్తే ఆయనకి రబ్బరు భాషలో అర్థమయ్యే స్థితికి వచ్చారు.

అప్పటి నుంచి ఎక్కడికైనా ఇద్దరూ కలిసే వెళ్లేవారు. నోట్లో నాలుక లేని మామ పక్కన అత్త మాటలు అందరికీ నచ్చాయి. స్టేపిల్ పిన్ను తియ్యకుండా కాగితాలు మెషిన్‌లో పెట్టినవాళ్లని మామ కళ్లతోనే శిక్షించేవాడు. అత్త ఆ పిన్ను చేతిలో పెట్టి, “ఇది మీదేనేమో, పోగొట్టుకున్నారు” అనేది. ఇంకెప్పుడూ వాళ్లు ఆ తప్పు చేసేవారు కాదు. నెమ్మదిగా ఫోన్లు ‘అత్త ఉందా?’ అని రావడం మొదలైంది.

అలాంటిదే ఒక ఫోన్ ఇన్సూరెన్సు ఆఫీసు నుంచి వచ్చింది. వాళ్లది మూడో అంతస్తు, లిఫ్టు లేదు. మేనేజరు మంచివాడు. మామ కాళ్ల తిమ్మిర్ల సంగతి తెలుసు. “మీరు మెట్లెక్కడం ఎందుకు మామా, అత్తని ఒక్కదాన్నే పంపండి, చాలు” అన్నాడు. ఆ ‘చాలు’ దగ్గర మామకి తలకొట్టేసినట్టయింది. మోకాలు నొప్పిగా ఉందనీ, నువ్వు వెళ్లిరా అనీ భార్యకి చెప్పాడు.

అక్కడ కాగితం బాగానే లోపలికి వెళ్తోంది, బాగానే అచ్చవుతోంది. బయటికొచ్చే చోటే తంటా. పడిన ప్రతి కాగితం వెనక అంచు పైకి లేచి సున్నాలా చుట్టుకుంటోంది. తర్వాత వచ్చేది దాన్ని గుద్ది కిందకి తోస్తోంది. ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు పడాల్సిన కాగితాలు నేలంతా పరుచుకున్నాయి. అత్త రోలర్లన్నీ తడిమింది. అన్నీ బాగున్నాయి. భర్తకి ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పింది.

ఆయనకి అర్థమైపోయింది. చెప్పడానికి ఒక్క మాట చాలు. ఆ మాట ఆయన నోటిదాకా వచ్చి ఆగింది.

“రోలర్లు సరిగ్గా చూశావా?”

“చూశానండీ. బాగానే ఉన్నాయి.”

“మళ్లీ చూడు.”

ఆవిడ మళ్లీ చూసింది. బయటికి తోసే భాగమంతా విప్పింది, బిగించింది, మళ్లీ విప్పింది. ఆఫీసువాళ్లు మర్యాదగా అటూ ఇటూ తప్పుకుని నడుస్తుంటే, మోచేతుల దాకా నలుపుతో నేల మీద కూర్చుంది. సాయంత్రం కావస్తుంటే, రేపు చూస్తానని చెప్పి లేచి వచ్చేసింది.

ఇంటికొచ్చి చేతులు కడుక్కుంది. సంచీ ఆయన మూలలో పెట్టింది. “నాకు చేతకాదండీ. ఈ పని వదిలేస్తాను. నాకు బట్టలే నయం,” అంది.

ఆ మాట కోసమే మధ్యాహ్నం నుంచీ ఎదురుచూశాడట మామ. తీరా విన్నాక లోపల ఏమీ సంతోషం కలగలేదు. ఆవిడ దారం ఎక్కిస్తుంటే కాసేపు చూసి, అన్నాడు.

“ట్రేలో కట్ట తిరగెయ్యాల్సింది.”

“ఏ కట్ట?”

“కాగితాలది. కాగితానికీ బోర్లా వెల్లకిలా ఉంటాయి. వేడి తగిలితే ఒక పక్కకే ముడుచుకుంటుంది. తిరగేసి పెడితే చదునుగా పడుతుంది.”

“ఇప్పుడు తట్టిందా?”

అవునంటే సరిపోయేది. ఆయన అవునని అనలేదు.

“లేదు. నువ్వు ఫోన్ చేసినప్పుడే తెలుసు.”

 అత్త మిషన్ తొక్కుతూనే ఉంది. మర్నాడూ మాట్లాడలేదు. ఆయన స్క్రూ ఒకటి గుడ్డల్లో దొరికితే తిట్టకుండా తీసుకెళ్లి ఆయన ముందు పెట్టిందట. ఆ నిశ్శబ్దానికి మామ ప్రాణం చచ్చిపోయింది.

ఆ రోజే ఆవిడ ఒక్కతీ మా గదికి వచ్చింది. మెషిన్ బాగానే ఉందత్తా అన్నాను. తెలుసు అని స్టూలు మీద కూర్చుని జరిగిందంతా చెప్పింది. ఆఫీసులో పరువు పోయినందుకు కాదట బాధ. “నా చేతులు ఆయనకి ఇచ్చానమ్మా, వాడుకోమని. ఆయన వాటినే ఓడించాడు,” అంది.  మంచినీళ్లు ఇచ్చాను.

మేమిద్దరం అలా కూర్చున్న సమయంలో మామ ఇన్సూరెన్సు ఆఫీసు మెట్లెక్కుతున్నాడు. అడుగు ఎక్కడ పడుతోందో సరిగ్గా తెలియని కాళ్లతో, మెట్ల కమ్మీ పట్టుకుని, అంతస్తుకోసారి ఆగుతూ మూడో అంతస్తు చేరాడు. ట్రే లాగి కట్ట తిరగేశాడు. కాగితాలు వచ్చి పద్ధతిగా ఒకదాని మీద ఒకటి పడ్డాయి. ఎంత తేలిక పని, నిన్న అత్తకి తెలియలేదా పాపం అని మేనేజరు మామూలుగానే అన్నాడు.

“ఆవిడ తప్పేం లేదు సార్. ఫోన్లో అడిగింది. తెలిసీ నేనే చెప్పలేదు,” అన్నాడు మామ. 

అందరూ వింటుండగానే అన్నాడు. మేనేజరు కుర్చీ చూపించి టీ తెప్పించాడు. మామ దిగి వెళ్లాక అత్తకి ఫోన్ చేసి, మీ ఆయన్ని ఇంకోసారి ఒంటరిగా మెట్లెక్కనివ్వకండి అంటూ ఆ సంగతంతా చెప్పాడు. నా గదిలోనే విన్నదావిడ. ఫోన్ పెట్టేసి కాసేపు కొంగు అంచు వేళ్లతో మడతపెట్టి విప్పుతూ కూర్చుని, ఇంటికి వెళ్లింది.

“మెట్లెక్కారట?” అని అడిగిందట.

“ఎక్కాను.”

“మోకాలు నొప్పన్నారు నిన్న.”

“మోకాలు బాగానే ఉంది.” మళ్లీ ఆయనే అన్నాడు. “వాళ్లు నేను వద్దన్నట్టు అనిపించింది.”

“మెట్లెక్కొద్దన్నారు. మీరు వద్దనలేదు.” ఆవిడ సంచీ తెచ్చి ఇద్దరి మధ్యా పెట్టింది. “ఇంకోసారి తెలిసింది దాచారంటే, ఈ సంచీ మీరే మొయ్యాలి, మెషిన్లు మీరే విప్పుకోవాలి. కోపం వస్తే కోపం వచ్చిందని చెప్పండి. నేను పడతాను.”

ఆయన తలూపాడు. మర్నాడు ఒక స్క్రూ గురించి పెద్ద గొడవ జరిగిందని విని నా మనసు కుదుటపడింది.

వేళ్లకి స్పర్శ తిరిగి రాలేదు. షుగరు మాత్రం అదుపులో ఉంది, తిమ్మిరి ముందుకు పాకలేదు. చిన్న పనులకి అత్త ఒక్కతే వెళ్తుంది, తికమక పనులకి ఇద్దరూ వెళ్తారు. ఏది చిన్నదో ఏది తికమకో తేల్చుకోవడానికే వాళ్లకి అరపూట పడుతుంది.

మొన్న వానల్లో మా మెషిన్ మళ్లీ రెండేసి లాగడం మొదలుపెట్టింది. ఇద్దరూ గొడుగు దులుపుకుంటూ వచ్చారు. మామ ట్రేలోంచి కట్ట తీసి, చెవి పక్కన పెట్టుకుని పేకముక్కల్లా విదిలించాడు. పొడి కాగితం గలగలమంటుందట, చెమ్మ తగిలింది మెత్తగా ఊపిరి తీస్తుందట. చెమ్మే, బిళ్లకేం కాలేదన్నాడు. అత్త వేలు నడిపి చూసి, బిళ్ల అయిపోయింది అంది. కిటికీ పక్కన విప్పి ఉన్న కట్ట వదిలి, బీరువాలోంచి కొత్త ప్యాకెట్టు తీసి పెట్టాను. అయినా రెండేసే వచ్చాయి.

“నీదే నిజం,” అన్నాడు మామ, సంచీలో కొత్త బిళ్ల కోసం వెతుకుతూ.

“కాగితం కూడా చెమ్మగానే ఉందిలెండి,” అంది అత్త. “అమ్మాయ్, ఆ కట్టని కిటికీ పక్కనుంచి ఇటు తీసెయ్యి. జల్లు పడుతోంది.”