పెద్దబాపు పేర మూడో కుప్ప

పెత్రమాస పొద్దున కరీంనగర్ మార్కెట్‌లో కోసిన గుమ్మడికాయల పచ్చివాసన, తడి గోనెల మీద పోసిన బీరకాయల వాసన కలిసి వస్తుంటాయి. చనిపోయిన పెద్దల పేర బియ్యం ఇవ్వడానికి జనం సంచులు నింపుకుంటుంటారు. నేను మాత్రం ఆ వాసనకు మళ్లీ తొమ్మిదేళ్ల పిల్లనై మా ఊరు చొప్పదండిలో మా పెద్దవ్వ పక్కన నిలబడతాను.

పెద్దవ్వ మా బాపుకు అన్న, నాకు పెద్దబాపు అయిన రాజయ్య భార్య. ఆయన నేను పుట్టకముందే, పెద్ద యుద్ధంలో, బాంబులు వేసే విమానంలో తుపాకి పేల్చే కొలువుకు కుదిరి, బర్మా వైపు పోయి తిరిగి రాలేదు. విమానం జాడ తెలియలేదని మాత్రమే ఇంట్లో అనుకునేవాళ్లు. పెద్దవ్వ నాట్లప్పుడు ఇద్దరు కూలీల పని ఒక్కతే చేసేది. ఇంటికొచ్చి కాళ్లు కడుక్కోగానే, చెమటకు చెదిరిన బొట్టు మళ్లీ దిద్దుకునేది. ఎవరైనా ఎత్తిపొడిస్తే నవ్వేది.

"మా ఆయినది తోక దిక్కు తిరిగి కూసునే కొలువు. అందరు దిగినంక ఆఖర్న దిగుతడు. మీకేం పరేషాన్?"

ఆ ఏడు కూడా తాతకొకటి, నాయినమ్మకొకటి బియ్యం కుప్పలు పోసి, పప్పు, చింతపండు, కూరగాయలు సర్ది, తాంబాళం తనే నింపి ఇచ్చింది. బాపు వెంట నేనూ అయ్యగారింటికి పోయాను. అరుగు మీద కూర్చున్న బాపు ఆ రెండు కుప్పల్లోంచి కొంత కొంత తీసి మూడో కుప్ప చేశాడు. నువ్వులు, నీళ్లు వదులుతూ తాత పేరు, నాయినమ్మ పేరు చెప్పాడు. తర్వాత రాజయ్య పేరు చెప్పాడు. ఏటా వినే పేరే అన్నట్టు అయ్యగారు ఆగకుండా మంత్రం చదివాడు.

దారిలో అడిగాను. "బాపూ, పెద్దబాపు సచ్చిపోయిండా?"

"కాయిదం ఎప్పుడో వచ్చింది బిడ్డా."

"పెద్దవ్వకు చెప్పలే?"

"చెప్తె తల్లిగారు తీస్కపోయి మారుమనువు చేద్దురు. ముసలోళ్లను, పొలాన్ని ఎవలు చూద్దురు? ఇప్పుడు చెప్తె ఏం ఫాయిద? నువ్వు నోరు తెరవకు."

మా కులంలో మారుమనువు తప్పు కాదు. అప్పటికి ఇరవై ఏళ్లైనా నిండని మనిషికి ఇంకో ఇల్లు, పిల్లలు ఉండేవాళ్లు. పక్కవాళ్ల చేలో కంకి కూడా తెంపనివ్వని మా బాపు ఇంత పని చేశాడు.

సాయంత్రం గునుగు, తంగేడు పూలతో బతుకమ్మను పేరుస్తూ పెద్దవ్వ అడిగింది. "అయ్యగారు ఎవలెవల పేర్లు చదివిండే పొల్లా?"

"తాతది, నాయినమ్మది."

"గంతేనా?"

"గంతే."

ఆమె ముఖం తేటపడింది. ఒక తంగేడు పువ్వు తీసి నా జడలో పెట్టింది.

బాపు పోయాక కూడా ఆమె చాలా ఏళ్లు బతికింది. అప్పటికి నేను పేపర్లో పనిచేస్తూ, ఊరూరా తిరిగి వార్తలు రాస్తున్నాను. ఆమెకు మాత్రం చెప్పలేదు. ముత్తయిదువగా పోయిందని వాడకట్టు ఆడవాళ్లు పసుపు రాసి, కుంకుమ పెట్టి, ఎంత అదృష్టమో అన్నారు. నేనూ వాళ్లలో నిలబడి తలూపాను.

ఇప్పుడు ఆ పొలంలో ప్లాట్ల రాళ్లు పాతారు. అయ్యగారి అరుగు కూలగొట్టి ఫోన్ల దుకాణం కట్టారు. ఆ కాయిదం సంగతి తెలిసినవాళ్లలో నేనొక్కదాన్నే మిగిలాను. చెబుదామంటే పెద్దవ్వ లేదు.