ఎత్తి పోసే ఆంటీ

దిల్‌సుఖ్‌నగర్‌లో మా ఓనర్ ఆంటీది నల్లగొండ. చాయ్ అయినా మజ్జిగ అయినా గిన్నెను భుజం దాకా ఎత్తి పోసేది.

నేను ఇంట్లో రెండుసార్లు బీరు చేయబోతే రెండుసార్లూ పులియలేదు. మూడోసారి బార్లీ రసం మరిగించి చల్లార్చి, ఈస్ట్ కలపబోతుండగా ఆంటీ వచ్చింది. ఇల్లు ఖాళీ చేయమంటుందన్న భయం ఉన్నా నిజం చెప్పేశాను.

ఆమె బకెట్‌లోకి తొంగిచూసింది.

"గిట్ల ఊకె పెడితె ఎట్ల పులుస్తది? ఇడ్లి పిండి గూడ గిలకొడితెనే పొంగుతది. జర గాలి తాకాలె."

వేడినీళ్లతో చెంబు కడిగి, నురగ కట్టేదాకా ఆ రసాన్ని ఎత్తెత్తి పోసింది. అప్పుడు ఈస్ట్ వేశాను.

మర్నాడు పొద్దున బకెట్ నిండా బుడగలు! పరుగున కిందికెళ్లి చెబితే, ఆంటీ గొంతు తగ్గించింది.

"మీ అంకుల్‌కు మాత్రం చెప్పకు బిడ్డా, ఒక్క సీస మిగలనియ్యడు."