పెద్దక్క గీసిన డిజైన్లు

కుట్టుమిషన్లలోని ఎలక్ట్రానిక్ బోర్డులు బాగుచేయడంలో మునీంద్రకు బళేపేటలో మంచి పేరుంది. హొసకోటె నుంచి రోజూ బస్సులో వచ్చి, ఒక మేడమీది ఇరుకు గదిలో పనిచేసుకుంటాడు. పొరపాటు తనదని ఒప్పుకోవడం మాత్రం అతనికి మొదటినుంచీ చేతకాదు.

ఆషాఢంలో రవికెలు కుట్టే అక్కయమ్మ వచ్చింది. ఆమె ఎంబ్రాయిడరీ మిషను బోర్డు కాలిపోయింది. దాని స్థానంలో లైనక్స్‌తో నడిచే చిన్న బోర్డు పెడతానని, డిజైన్లను అది పెన్‌డ్రైవ్ నుంచి నేరుగా చదువుకుంటుందని మునీంద్ర చెప్పాడు. పరీక్షించడానికి ఆమె పెన్‌డ్రైవే అడిగి తీసుకున్నాడు. అందులో రెండు వందలకు పైగా రవికె డిజైన్లున్నాయి. అన్నీ ఆమె అక్క గీసినవి. అందరూ పెద్దక్క అని పిలిచే ఆవిడకు ఇప్పుడు చేతులు వణుకుతాయి, పెన్సిలు నిలవదు.

మొదట బోర్డు పెన్‌డ్రైవ్‌ను గుర్తించనే లేదు. అందుకు కావలసిన డ్రైవరు ప్రోగ్రాము లైనక్స్ మూలభాగమైన కెర్నెల్‌లో లేదని కనిపెట్టి చేర్చాడు. ఈసారి తెరమీద దాని పేరైతే కనబడింది గాని, లోపలి ఫైళ్లు తెరుచుకోలేదు. అప్పటికి మూడు రోజులుగా అదే పని. పెన్‌డ్రైవే చెడిపోయి ఉంటుందిలే అనుకుని, విసుగులో, కాపీ కూడా తీసుకోకుండా, లైనక్స్ పద్ధతిలో ఫార్మాట్ కొట్టాడు. వెంటనే తెరుచుకుంది. లోపలేమీ లేదు.

అనుమానం వచ్చి అంగట్లోంచి కొత్త పెన్‌డ్రైవ్ తెచ్చి పెట్టాడు. అదీ తెరుచుకోలేదు. మామూలు పెన్‌డ్రైవుల ఫార్మాట్‌ను చదివే భాగాన్ని కెర్నెల్‌లో చేర్చడం తానే మరిచాడు.

అయినా ఫోనులో అక్కయమ్మకు వేరేమాట చెప్పాడు.

"మీ పెన్‌డ్రైవ్ చెడిపోయి ఉండాదక్కా. ఇంకో కాపీ ఉండాదా?"

"లేదే అప్పా!" అంది ఆమె. "పోనీలే, నువ్వేం చేస్తావు? తప్పు నాదే. ఇంకోదాంట్లో ఎత్తిపెట్టుకోవాల్సింది."

ఆ మాటతో అతనికి అన్నం సహించలేదు. పోయిన ఫైళ్లను వెదికితీసే ప్రోగ్రాము పెట్టుకుని నాలుగు రోజులు వేరే పని ముట్టలేదు. నూట అరవై మూడు డిజైన్లు తిరిగొచ్చాయి. పేర్లన్నీ చెరిగిపోయి ఉత్త అంకెలు మిగిలాయి.

ఆదివారం ల్యాప్‌టాప్ తీసుకుని మడివాళలో వాళ్లింటికి వెళ్లాడు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"అది చెడిపోలేదక్కా. నేనే చెరిపేసినా. మీకు అబద్ధం చెప్పినా."

అక్కయమ్మ ముఖం చిన్నబోయింది. "చెరిపినందుకు కాదప్పా," అంది. "వారం దినాలు పెద్దక్క ముందర నేను దొంగ మాదిరి తిరిగితిని. అదీ నీకు తెలుసునా?"

లోపలినుంచి పెద్దక్క వచ్చి ల్యాప్‌టాప్ ముందు కూర్చుంది. ఒక్కో డిజైను చూసి పేరు చెప్పింది: మల్లెతీగ, జడకుచ్చు, రాగిచెంబు. మునీంద్ర ఆ పేర్లు టైపు చేస్తూ పోయాడు. చివరి దాకా చూసి, "జంట నెమళ్లు లేవే?" అంది ఆవిడ.

"రాలేదమ్మా."

ఆవిడ లేచి లోపలికి వెళ్లింది.

బోర్డు ఇప్పుడు చక్కగా నడుస్తోంది. మిషనుకు ఏమొచ్చినా అక్కయమ్మ మునీంద్రనే పిలుస్తుంది. పెన్‌డ్రైవ్ మాత్రం అతని చేతికివ్వదు. తానే పెట్టి, పని అయ్యేదాకా పక్కనే నిలబడి, తానే తీసుకుంటుంది. అతనూ ఒక్కసారైనా ఎందుకని అడగలేదు.