పంచె కట్టిన పెదనాన్నగారి గిటార్

అది 2005. ఏలూరు పవర్‌పేటలో నాకు వాయిద్యాల మరమ్మతు కొట్టు ఉండేది. కొట్టంటే ఎంత విశాలమైనదంటే, నేను లోపలికి వెళ్ళాలంటే హార్మోనియం బయటికి రావాలి. హార్మోనియం లోపలుంటే నేను రోడ్డు మీద నిలబడి పనిచేయాలి. కృష్ణకీ గోదావరికీ మధ్య ఏ వాయిద్యానికి గొంతు పోయినా నా దగ్గరికే వస్తుందని నేను చెప్పుకునేవాణ్ణి. మా ఆవిడ మాత్రం, "వచ్చినవాళ్ళందరూ బస్సు తప్పిపోయి కాలక్షేపానికి వచ్చినవాళ్ళే" అనేది.

ఆ వానాకాలంలో ఒక మధ్యాహ్నం తాడేపల్లిగూడెం నుంచి ప్రసాద్ వచ్చాడు. ఆర్కెస్ట్రాలో గిటారిస్టు. అతను వాయించకపోతే ఆ చుట్టుపక్కల జరిగిన పెళ్ళి చెల్లదని కొందరి నమ్మకం. ఆ కొందరిలో ముఖ్యుడు ప్రసాదే.

"మస్తాన్ గారూ, పన్నెండు తీగల ఎలక్ట్రిక్ గిటార్ అండీ! అమెరికాది. అరవైల్లో తయారైందంట. నల్లజర్లలో ఒకాయన దగ్గరుందండి."

"అమ్ముతాడా?"

"మారకం అండి. నా ఆరు తీగల గిటారూ, నా స్కూటరూ ఇస్తే ఇచ్చేస్తానన్నారండి."

గిటార్‌కి మామూలుగా ఆరు తీగలు. ట్వెల్వ్ స్ట్రింగ్‌లో ఆ ఆరింటికీ తలా ఒక జంట ఉంటుంది. ఒకటి మీటితే రెండూ మోగుతాయి. అక్క పాడుతుంటే వెనక చెల్లెలు గొంతు కలిపినట్టుంటుంది ఆ నాదం. అందులోనూ ఎలక్ట్రిక్‌ది, అందులోనూ ఆ కాలానిది మా జిల్లాలో ఉందంటే, కొల్లేట్లో తిమింగలం పడిందన్నమాట. అలాంటిదాన్ని ఆ స్కూటరుకి ఇచ్చేస్తున్నాడట! ఆ స్కూటర్ని నేను చూశాను కాబట్టి, అనుమానం రావడానికి నాకు పెద్ద తెలివేమీ అక్కర్లేకపోయింది.

నకిలీదైతే ప్రసాద్ పని అయిపోయినట్టే. వచ్చే ముహూర్తాలకి వాయించడానికి చేతుల్లో పనికొచ్చే గిటార్ ఉండదు, వెళ్ళడానికి కింద బండి ఉండదు. అందుకని, వస్తువు ముందు నా కొట్టుకి రావాలనీ, అసలుదని నేనంటే మారకం, నకిలీదంటే ఎవరి దారి వారిదనీ ఇద్దరిచేతా ముందే ఒప్పించాను.

నల్లజర్ల ఆయన పేరు వెంకటరత్నం. మల్లెపువ్వులాంటి చొక్కా వేసుకుని, పాత తోలు కేస్ పట్టుకుని, వెనక కుర్చీలు కట్టిన ఆటోలోంచి దిగారు. ఆయన నోట్లో 'అండీ' ఎంత మెత్తగా పలికేదంటే, దాని ముందు పూతరేకు కూడా బండరాయే. అంత మర్యాద చూసేసరికి నాకు అనుమానం రెట్టింపైంది. కేస్ మూత తీశారు. ఆ పాతవాసనకి పవర్‌పేటలో సగంమంది తుమ్మారు.

"మా పెదనాన్నగారిదండీ. కొల్లేటికోటలో ఉండేవారు. సాయంత్రమైతే పడవలో కూర్చుని వాయించేవారండి. కొంగలు వచ్చి పడవ అంచు మీద వరసగా వాలేవండి."

"పడవలో కరెంటెక్కడిదండీ?"

ఆయన ఒక్క క్షణం కూడా తడబడలేదు. "ట్రాక్టర్ బ్యాటరీ అండీ."

నాకు ఆయన మీద గౌరవం కలిగింది. ఎంతైనా కోతలు కోసే విద్యలో నేనూ ఉన్నవాణ్ణే. ప్రసాద్ మాత్రం కళ్ళు తుడుచుకుంటున్నాడు. అతనికి గిటార్ కంటే కొంగలు బాగా నచ్చాయి.

కేస్ అడుగున ఎర్ర పెయింటుతో 41 అని రాసి ఉంది. "ఇదేమిటండీ?" అన్నాను.

"పెదనాన్నగారి అదృష్ట సంఖ్యండి."

స్క్రూడ్రైవర్ తీశాను. పాతదని చెప్పి కొత్త గిటార్ అంటగట్టేవాళ్ళు టీ డికాక్షన్ పూస్తారు, గరుకు కాగితంతో రుద్దుతారు, ఇనుప భాగాల్ని ఉప్పునీళ్ళలో నానబెడతారు. పైపైన ఎన్ని చేసినా లోపల దొరికిపోతారు. వాల్యూమ్ గుండీ కింద పాట్ అనే చిన్న డబ్బీ ఉంటుంది. దాని మీది అంకెల్లో తయారైన సంవత్సరం దాగి ఉంటుంది. చూశాను. అరవైల నాటిదే. పికప్ అంటే తీగ కదలికని కరెంటుగా మార్చే అయస్కాంతపు దిమ్మ. దాని వైర్లని అతికించిన సోల్డర్ చూశాను. మెరుపు చచ్చి, బూడిదరంగులో, ఎవరూ కదిలించని దుమ్ముతో ఉంది. పక్క బట్టలకొట్టు నుంచి దొంగనోట్లు పట్టే నీలం లైటు అరువు తెచ్చి, షట్టర్ సగం దించి చూశాను. లక్కర్ అనే పాతకాలపు పూత ఆ వెలుతురులో లేత ఆకుపచ్చగా మెరుస్తుంది. మెరిసింది.

ఒక్క తప్పూ దొరకలేదు. నా అనుభవంలో ఏ నిజమైన వస్తువూ ఇంత నిజంగా లేదు.

చివరికి వెనక్కి తిప్పాను. వీపు నడుమ అరచేయంత మేర గీతలే గీతలు. దీన్ని మా వాళ్ళు బకిల్ ర్యాష్ అంటారు. నిలబడి వాయించేవాడి బెల్టు బకిల్ ఏళ్ళ తరబడి రాసుకుంటే పడే గీతలు. భూతద్దం పెట్టాను. ఒకదాని మీద ఒకటి, పాతవాటి నిండా మట్టి, అంచులు అరిగి నున్నగా ఉన్నాయి. గరుకు కాగితంతో ఒక పూటలో గీసినవి కావు.

అప్పుడు, కాఫీ కావాలా అన్నంత మామూలుగా అడిగాను. "మీ పెదనాన్నగారు బట్టలవీ బాగా వేసేవారా అండీ? ప్యాంటూ అదీ?"

ఆయన నొచ్చుకున్నారు. "ఎంతమాటండీ! జన్మలో ప్యాంటు ముట్టలేదండి. కలెక్టరుగారు వచ్చినా పంచె మీదే. పంచె కట్టుకునే పోయారండి."

"నిలబడి వాయించేవారా?"

"పడవలో నిలబడితే పడిపోరూ? బాసింపట్టు వేసుకునేనండి."

నేను గిటార్ని బల్లమీద బోర్లా పడుకోబెట్టి, ఆ గీతల మీద వేలు ఆనించాను. "మరి ఇవి బెల్టు బకిల్ గీతలండీ. నిలబడి వాయించినవాడివి. పంచెకి బకిల్ ఎక్కడ పెట్టించుకున్నారండీ పెదనాన్నగారు?"

మూలనున్న వీణ తీగ ఒకటి దానంతటదే తెగింది. వెంకటరత్నం గారి 'అండీ'లు మొత్తం ఆవిరైపోయాయి. ప్రసాద్ స్టూలు మీద కూలబడ్డాడు.

"దొంగదా మస్తాన్ గారూ?"

"గిటార్ అసలుదే. నీ చేతికి ఇంతకంటే మంచిది దొరకదు. దొంగ పెదనాన్నగారు."

"అయితే పెదనాన్నగారు లేరా?" అన్నాడు ప్రసాద్. "కొంగలు?"

"కొంగలున్నాయి. పాట వినడానికి వచ్చినవి కావు."

నా అనుమానం గిటార్ని వదిలేసి ఇప్పుడు మనిషి మీద కూర్చుంది. "దొంగ సొత్తయితే పోలీసులు ముందు నా కొట్టుకే వస్తారండీ. ఎక్కడిది?" అన్నాను.

వెంకటరత్నం గారు మంచినీళ్ళడిగి తాగి, నెమ్మదిగా చెప్పారు. ఆయన పాత ఫర్నిచర్ కొని అమ్ముతారట. విశాఖపట్నంలో ఒక హోటలు మూసేస్తూ సామాను వేలం వేస్తే, కుర్చీలూ బల్లలతోపాటు ఇదీ వచ్చిందట. ఆ హోటల్లో రాత్రిళ్ళు బ్యాండు వాయించేవారట. ప్యాంటు, కోటు, బెల్టు. ఎర్ర 41 హోటలువాళ్ళు కుర్చీకీ మంచానికీ వేసినట్టే దీనికీ వేసిన సామాను నంబరు. వేలంలో ఆయన కొన్న కుర్చీలకీ అదే చేతిరాతలో నంబర్లున్నాయని, ఒకటి ఆటోలోంచి దింపి చూపించారు కూడా. నలభై.

"మరి పెదనాన్నెందుకండీ?"

"వేలంలో వచ్చిందంటే పాతసామాను అంటారండి. పెదనాన్నదంటే వారసత్వం అంటారండి" అన్నారాయన. "నాకు నిజంగా దీని విలువ తెలీదండి. ఆరు తీగలదైతే ఎవరైనా కొంటారు. ఇన్ని తీగలు ఎవరు వాయిస్తారండీ?"

"ఇప్పుడు తెలిసింది కదా. మారకం వద్దంటారా?"

ఆయన గిటార్ వంకా, బయట ఉన్న స్కూటరు వంకా చూసి నిట్టూర్చారు. "మాట ముందే అనుకున్నామండి. పెదనాన్న లేకపోయినా మాట ఉందండి." అంటూ ఆటోని ముందు పంపేసి, ప్రసాద్ ఆరు తీగల గిటార్‌ని వీపుకి తగిలించుకుని, స్కూటర్ని తొక్కి తొక్కి, చివరికి నెట్టుకుంటూ వెళ్ళారు. ఆ రోజు నేను చూసినవాటిలో ఏ పరీక్షా అక్కర్లేని అసలు సరుకు ఆ మాటొక్కటే.

ఇక్కడితో ఆగిపోతే ఇది నా గొప్పతనం గురించిన కథ అయ్యేది. నాకూ అదే ఇష్టం.

తర్వాతి పెళ్ళిళ్ళ సీజన్లో ప్రసాద్ కొట్టుకి వచ్చాడు. మొహం వెలిగిపోతోంది. నెలల తరబడి స్టేజీ మీద మైకులో పెదనాన్నగారి కథే చెబుతున్నాడట, తన సొంత పెదనాన్నని చేసేసుకుని. కొంగల దగ్గర జనం ఈలలు వేస్తున్నారట.

"ఒక్క చిక్కే ఉండేదండి. మీరు కనిపెట్టారు కదా, ఆ బకిల్ గీతలు! ఎవరైనా తెలిసినవాడు చూస్తే పెదనాన్నగారి పరువు పోదూ? అందుకే మా గూడెంలో బీరువాలకి పాలిష్ వేసే ఆయనచేత వీపంతా గీకించి, కొత్త వార్నిష్ వేయించేశానండి. కేస్ మీద 41 కూడా తుడిపించేశాను. ఇప్పుడెవడూ వేలెత్తి చూపలేడు!"

గిటార్ని వెనక్కి తిప్పాడు. అందులో నా మొహం కనిపించింది. నా కళ్ళని నేనే నమ్మలేక, మళ్ళీ బట్టలకొట్టు నుంచి నీలం లైటు తెచ్చాను. ముందువైపు లేత ఆకుపచ్చగా మెరిసింది. వీపు నల్లగా ఉండిపోయింది. ఇప్పుడు దాన్ని ఎవరైనా తెలియనివాడు నా కొట్టుకి తెస్తే, నేనే మొదట నకిలీదంటాను.

"ఎలా ఉందండీ?" అన్నాడు ప్రసాద్.

"వాయించు" అన్నాను. వాయించాడు. తీగలు మాత్రం ఇంకా అబద్ధం నేర్చుకోలేదు.

ఆ రోజు నుంచి నా పద్ధతి మార్చుకున్నాను. వస్తువు అసలుదో కాదో చెబుతాను. ఎలా తెలిసిందో మాత్రం చెప్పను. మీకు చెప్పేశాను కదా అంటారేమో. మీ ఇంట్లో పాత గిటార్ ఏదైనా ఉంటే, దయచేసి దాని వీపు జోలికి వెళ్ళకండి.