ఎండ చూడని ముక్క

మొన్న పసిబిడ్డ బొంత కోసం చీర పరిచి కొలుస్తుంటే, పక్కన పెట్టుకున్న గ్లాసుకు మోచెయ్యి తగిలి సగం చాయ్ చీర మీద ఒలికిపోయింది. అది మా అక్క చీర. అక్క చీరల్లో మిగిలింది అదొక్కటే. ఇంకొకరయితే అయ్యో అని లేచి పరుగెత్తేవారేమో, నేను మాత్రం ఆ మరక మెల్లగా పాకుతూ పోవడం కాసేపు చూస్తూ కూర్చుని, తరువాత వంటింట్లోకి వెళ్ళి నీళ్ళు కాగబెట్టాను.

నిరుటి ఎండాకాలంలో అక్క పోయింది. అప్పటి నుంచి నా సంగతి ఇలాగే ఉంది. ఆ రోజు వచ్చినవాళ్ళకు కుర్చీలు వేయించాను, అందరికీ చాయ్ అందిందో లేదో చూశాను, అంతే తప్ప ఏడుపు రాలేదు. చుట్టాల్లో ఎవరో "రాయి లెక్క కూసున్నది సూడు" అనడం నా చెవిన పడింది. ఆ మాట నిజమే కాబట్టి కోపం కూడా రాలేదు. అమ్మ లేని నన్ను చిన్ననాటి నుంచి సాకిన మనిషి పోతే ఒక్క కన్నీటిబొట్టు ఎందుకు రాలేదో నాకూ తెలియదు. పళ్ళ డాక్టరు సూదిమందు ఇచ్చాక చెంప మనది కానట్టు ఉంటుంది చూడండి, అలా ఉండిపోయాను.

అక్క బట్టలన్నీ దినాల నాడే పంచేశారు. ఈ నీలం నేత చీర ఒక్కటి, అక్క నా దగ్గరికి వచ్చినప్పుడు వేసినది, తార్నాకలో మా సందు మొదట్లో ఉండే ఇస్త్రీ బండి దగ్గర ఉండిపోయి, ఎవరికీ గుర్తురాక మిగిలింది. ఇప్పుడు అక్క కూతురికి మనుమడు పుట్టాడు. బిడ్డను మొదటిసారి తొట్టెలలో వేసేటప్పుడు ఇంటి పెద్దావిడ కట్టి కట్టి మెత్తబడిన చీరతో కుట్టిన బొంత మీదనే పడుకోబెట్టడం మా ఇళ్ళల్లో ఆనవాయితీ. తొట్టెల వేడుక దగ్గర పడింది. బొంత కుట్టడం వచ్చినదాన్ని ఇంటిమొత్తానికి నేనొక్కదాన్నే, చీర కూడా ఒక్కటే. ఇది పాడయితే బిడ్డ కింద పరచడానికి అక్కది ఇంకేమీ లేదు.

ఆ పని నేను నేర్చుకున్నది యూనివర్సిటీని ఆనుకుని ఉండే అడిక్‌మెట్‌లో. నా యూనివర్సిటీ చదువు పూర్తయ్యేదాకా అక్కాబావల ఒంటిగదిలోనే ఉన్నాను. బావ క్యాంపస్‌లో ఒక హాస్టల్ మెస్సులో వంట చేసేవాడు. అక్క ఇంటి ముందు బండల మీద బొంత పరిచి, మూలలకు ఇటుకలు పెట్టి, అంచు నుంచి నడిమికి కుట్టుకుంటూ వచ్చేది. మన తరంవాళ్ళకు చెప్పనక్కరలేదు, ఆ రోజుల్లో హాస్టల్‌కు వచ్చే ప్రతి పిల్లవాడి వెంటా వాళ్ళమ్మ కుట్టిన బొంత ఒకటి వచ్చేది, పరీక్షల కాలం వచ్చేసరికి దానికి కాలిన చిల్లులూ పడేవి. సెలవులకు ఊరికి పోతే అమ్మ చూస్తుందన్న భయంతో బావను బతిమాలుకుని మా ఇంటికి వచ్చేవారు. ఎవరిని అడిగినా అగరుబత్తి నిప్పు పడిందనే చెప్పేవారు. గుడ్డలో బీడీ వాసన గుప్పుమంటున్నా అక్క నవ్వకుండా, "మీ హాస్టల్ల దేవునికి దినాం పూజలే ఉన్నట్టున్నయి గద బిడ్డా" అనేది. ఆ మాట అంటూనే సూదిలో దారం ఎక్కించేది.

మరకలకు ఆమె పెద్దగా బెదిరేది కాదు. పసుపును ఎండకు వదిలేసేది, సిరాకు నిమ్మచెక్కా ఉప్పూ రుద్దేది, చాయ్ అయితే తడి ఆరకముందే మసిలే నీళ్ళు ఎత్తు నుంచి పోసేది, దేనికీ లొంగనిదాన్ని మడత మార్చి లోపలి వరుసలోకి పంపేది. చిల్లును మాత్రం అలా దాచనిచ్చేది కాదు. మరక లోపల పడి ఉంటుంది గానీ చిల్లు ఊరుకోదు, పెరుగుతుంది, దానికి ముక్క వేయాల్సిందే అనేది. ఆ ముక్క ఎక్కడ తీయాలన్నదే అసలు పనితనం. చీరలో నడుముకు దోపుకునే లోపలి కొస చివికిపోకుండా గట్టిగా ఉంటుంది కదా అని ఒకసారి నేను కత్తెర పెట్టబోతే చెయ్యి పట్టుకుంది. "అది ఎండ సూడని గుడ్డ, రంగు కలవదు. పైట దిక్కు తియ్యి, దానికీ దీనికీ ఒక్కటే ఎండ తాకింది" అంది.

ఇదంతా నా చేతులకు గుర్తుంది గానీ మనసు పెట్టింది లేదు. మొన్న మసిలే నీళ్ళకు చాయ్ మరక చాలావరకు పోయింది, మిగిలిన కాస్త మచ్చను లోపలికి మడిచాను. మధ్యలో మెత్తని పాత పంచె పరిచి కుట్టుకుంటూ వచ్చాను. తీరా అంతా అయ్యాక చివరి దారం తెంపుతుంటే కత్తెర మొన జారి, నట్టనడుమ, సరిగ్గా బిడ్డ వీపు ఆనే చోట, చీరను కొరికింది. అప్పుడూ నాకేమీ అనిపించలేదు. మిగిలిన పీలికల్లో చేతికందినది తీసి, చిల్లు అడుగున దూర్చి, అంచులు సూదిమొనతో లోపలికి మలిచి, సందెవెలుగులోనే చిన్న చిన్న కుట్లు వేసి పక్కన పెట్టేశాను.

మర్నాడు అక్క కూతురు బొంత తీసుకుపోవడానికి వచ్చి, బాల్కనీ ఎండలో విప్పి చూసింది. "చిన్నమ్మా, గీ ముక్క వేరే రంగు కొడ్తున్నది గద, ఇది అమ్మ చీరదేనా?" అని అడిగింది. వంగి చూశాను. వెలిసి వెలిసి బూడిదరంగుకు తిరిగిన నీలం నడుమ ఆ ముక్క ఒక్కటే ముదురు నీలంగా, నిన్ననే మగ్గం దిగినట్టు ఉంది. అక్క వద్దన్న లోపలి కొస నుంచే తీశాను.

ఆ చీర అసలు రంగు అదన్న సంగతే నేను మరిచిపోయాను. క్యాంపస్ ఆఫీసులో నేను రిటైరయిన రోజున అక్కకు కొనిపెట్టిన చీర అది. అన్నేళ్ళు అడిక్‌మెట్‌లో బతికీ ఏనాడూ క్యాంపస్‌లోని ఆర్ట్స్ కాలేజీ లోపలికి అడుగుపెట్టని అక్క, ఆ రోజు ఆ కొత్త నీలంలో నా చెయ్యి పట్టుకుని మెట్లెక్కింది. రాతిగోడ మీద అరచెయ్యి ఆనించి, "లోపల గింత సల్లగుంటదా" అంది. మీ అమ్మగారా అని ఎవరో నన్ను అడిగితే, నేను నోరు తెరవకముందే అక్క అవునని తల ఊపింది.

ఆ ముక్క మీద వేలు పెట్టి నిలబడ్డాను. ఏడ్చానని చెప్పను. చెంపకు మందు దిగిపోయేటప్పుడు ముందు నొప్పే కదా తెలిసేది, అంతవరకు తెలిసింది. అక్క కూతురు నా మొహం చూసి, "మల్ల విప్పి కుడ్తవా చిన్నమ్మా?" అంది. వద్దు, ఉండనియ్యి అన్నాను. "పోనీ తియ్యి, నాలుగు ఉతుకులు పడితే అదే కలుస్తది" అని బొంత మడిచి తీసుకుపోయింది.

ఇప్పటికీ సాయంత్రాలు క్యాంపస్ వైపు నడుస్తుంటాను. హాస్టల్ పిట్టగోడల మీద ఇప్పుడు బొంతలు ఆరేసి కనబడవు, కొన్న దుప్పట్లే కనబడతాయి. చిల్లు పడితే పారేసి ఇంకొకటి తెచ్చుకుంటారు, ఎవరికీ అబద్ధం చెప్పే పని లేదు. అక్క కూతురు అన్నది నిజమే. ఆ బొంతను రోజూ ఉతుకుతారు, డాబా మీద ఆరేస్తారు, ఆ ముక్క కూడా ఇక ఎండ చూస్తుంది. రంగు కలిసేట్టు కుట్టడమే పనితనమని ఇంతకాలం నమ్మినదాన్ని, ఈ ఒక్క ముక్క మాత్రం కొంచెం ఆలస్యంగా కలిస్తే బాగుండునని ఉంది.